చాయ్ పొంగాక వచ్చిన జవాబు

పాలు పొంగి స్టవ్ మీద పడడం, మా అత్తమ్మ "పెట్టు బిడ్డా, అల్లం జర ఎక్కువెయ్యి" అనడం ఒక్కసారే జరిగాయి. మసిగుడ్డ పట్టుకున్న నా చేయి గిన్నె దగ్గరే ఆగిపోయింది.

ఎందుకంటే నేను అడిగింది అప్పుడు కాదు. స్టవ్ వెలిగించకముందు, గిన్నె కడుగుతూ, నాలో నేను అనుకున్నట్టుగా "అత్తమ్మా, చాయ్ పెట్టనా?" అన్నాను. జవాబు కోసం అన్న మాట కాదది. ఆమెకు చెవుడని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. పైగా ఆమె నాకు వీపు పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను నీళ్లు పెట్టాను. అవి కాగాయి. పొడి వేశాను, పాలు పోశాను. బయట ఆడుకుంటున్న పిల్లలను ఎండలో ఉండొద్దని ఒకసారి కేకేసి వచ్చాను. అదంతా అయ్యాక, పాలు పొంగాక, ఆమె తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

అంటే నా మాట ఆమెకు మొదటే వినపడింది. వినపడిన మాటకు బదులు ఆమె లోపలెక్కడో బయల్దేరి, మెల్లగా నడుచుకుంటూ నోటి దాకా వచ్చేసరికి అంతసేపు పట్టింది.

ఆ రోజు మా గల్లీకి కరెంటు సెలవు కాకపోతే ఈ సంగతి నాకు తెలిసేది కాదు. సూరత్ లింబాయత్‌లో మేముండే గల్లీలో ఇళ్ల కింద, ఇళ్ల వెనక, రెండిళ్ల మధ్య సందుల్లో అన్నీ సాంచాలే. మరమగ్గాన్ని మా కరీంనగర్ వైపు వాళ్లు సాంచా అంటారు. పగలూ రాత్రీ ఆ చప్పుడు గోడల్లోంచి వస్తుంది, నేలలోంచి వస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో నా గాజులు వాటంతట అవే మోగేవి. మా గల్లీలో ఎవరూ మాట్లాడరు, అరుస్తారు. అరవలేనప్పుడు పెదాలు పెద్దగా కదిపి, చేతులు తిప్పి చెప్పుకుంటారు. వారంలో ఒకరోజు మాత్రం కరెంటు తీసేస్తారు. ఆ రోజు ఎవరింట్లో తిరగమోత వేసినా చిటపట వినిపిస్తుంది. అలాంటి నిశ్శబ్దంలోనే ఆమె ఆలస్యం నాకు మొదటిసారి కనబడింది.

నాకు భయం వేయడానికి కారణం మా మామయ్య. ఆయన పడిపోయే ముందు కొన్నాళ్లు మాటకు తడుముకున్నాడు. తాగాడేమో అనుకున్నారు. ఒక పొద్దున కార్ఖానాలో సాంచా పక్కన కూలిపోయాడు. కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా మూడూ పోయాయి. నా పెళ్లయిన మొదటి ఏడంతా ఆయన మంచం పక్కనే గడిచింది. కాబట్టి మాట ఆలస్యమైతే ఆ తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసనుకున్నాను. ఆ మధ్యాహ్నం చాయ్ గ్లాసు ఆమె చేతికిస్తూ ఆమె మూతి ఏ పక్కకైనా వంకర పోయిందా అని చూశాను. ఆమె నావైపు చూసి, "ఏంది బిడ్డా, నా మూతికి ఏమన్న అంటుకున్నదా?" అంది. ఆ మాట కూడా నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక వచ్చింది.

మా అత్తమ్మ చేసే పని గురించి చెప్పాలి. సాంచా వెనక నూలు చుట్టి ఉండే రోలరును బీము అంటారు. ఒక బీము నూలు అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులుంటాయి. ఒక్కటి తప్పినా బట్ట పొడవునా ఆ గీత కనపడుతుంది. సూరత్‌లో ఇది మగవాళ్ల పని. మామయ్య ఆ పనిలో పేరున్నవాడు. ఆయన మంచాన పడ్డాక అత్తమ్మ ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకుంది. మాట లేని మనిషి, కుడి చెయ్యి లేని మనిషి, ఎడమ చేతి రెండు వేళ్లతో చూపిస్తుంటే ఆమె పాత చీర అంచులోంచి దారాలు లాగి అతికేది. తప్పు అతికితే ఆయన కళ్లు మూసుకునేవాడు. సరిగ్గా అతికితే తెరిచేవాడు. అంతే ఆ బడి. ఆయన పోయేనాటికి మా గల్లీలో షెడ్లవాళ్లు ఆమె కోసమే కబురు పెట్టే స్థితి వచ్చింది. నేను డిగ్రీలో బాటనీ చదివాను, చాలామంది లెక్చరర్లను చూశాను. అంత కష్టమైన చదువు అంత నిశ్శబ్దంగా పూర్తి చేసిన విద్యార్థిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ కరెంటు సెలవు తర్వాత నేను ఆమెను గమనించడం మొదలుపెట్టాను. గమనించేకొద్దీ కొత్తవి ఏమీ దొరకలేదు. అన్నీ మాకు తెలిసినవే, తెలిసి ఏదో ఒక పేరు పెట్టి పక్కన పెట్టినవే. గొంతు బొంగురుపోయింది. షెడ్లలో అరిచి అరిచి పోయిందన్నాం. చర్మం ఎండిపోయి పొట్టు లేస్తోంది. గంజి పట్టిన నూలు ముట్టుకుంటే అంతే అన్నాం. కూర్చున్నచోటే కునుకు పడుతోంది. వయసన్నాం. రోజూ మలబద్ధకానికి ఇసబ్‌గోల్ నీళ్లలో కలుపుకుంటోంది. సూరత్ నీళ్లు పడలేదన్నాం, ఆమె ఆ నీళ్లు ముప్పై ఏళ్లుగా తాగుతున్నా. పిలిస్తే పలకదు. చెవుడన్నాం. మా గల్లీలో ఒంట్లో ఏ తేడా వచ్చినా నింద సాంచా మీదే వేస్తాం. సాంచా కాదనదు కదా.

ఒక రాత్రి అన్నం తింటున్నప్పుడు మా ఆయనతో మెల్లగా చెప్పాను. అత్తమ్మ గదికి అటు చివర గోడకానుకుని కూర్చుని ఉంది.

"ఇగో, అత్తమ్మకు ఇనవడుతనే ఉన్నది. జవాబే లేటుగ వస్తున్నది."

"ఏంది నువ్వనేది? ముప్పై ఏండ్ల సంది సాంచాల నడుమ ఉన్నది మనిషి. చెవులు పోకుంటె పూలు పూస్తయా?"

"అది కాదు. మామయ్యకు సుత మొదలు గిట్లనే..."

"నువ్వు డిగ్రీ చదివినకాడి నుంచి అన్నిట్ల రోగమే చూస్తవు. మొన్న పోరనికి దగ్గొస్తె టీబీ అంటివి. జలుబయింది, పోయింది. ఇగ అవ్వకు మొదలువెట్టినవా?"

ఆయన పప్పు మళ్లీ వడ్డించుకుని, షెడ్డులో ఎవరో మోటారు కాలబెట్టిన సంగతి చెబుతున్నాడు. అప్పుడు గది అటు చివర నుంచి ఆమె గొంతు వచ్చింది.

"నాకు టీబీ లేదు, గిబీ లేదు. మూతులు దగ్గర వెట్టుకొని ముచ్చటవెడితె నాకు తెల్వదనుకున్నరా? చెవులు పోతె పోయినయ్ గని కండ్లున్నయ్ కొడుకా."

సాంచాల మధ్య బతికినవాళ్లకు పెదాలు చదవడం వస్తుంది. మేము రహస్యం మాట్లాడుకున్నామనుకున్న మాటలన్నీ ఆమె చూస్తూనే ఉంది. మా ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వి, ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. టీబీ మాట అన్నదెప్పుడు, అది దాటి మోటారు దాకా వచ్చిందెప్పుడు అని ఆయనకూ తట్టిందని ఆ ముఖం చూస్తే తెలిసింది. చెయ్యి కడుక్కుంటూ, "రేపు దవాఖానకు తోల్కపోదాం" అన్నాడు.

ఉధనా వైపు ఒక డాక్టరమ్మ ఉంది. గుజరాతీ ఆమె, తెల్ల నూలు చీర కడుతుంది, అందరూ ఆమెను బెన్, అంటే అక్క, అని పిలుస్తారు. ప్లేగు వచ్చిన ఏడు ఊరు ఊరంతా రైలెక్కి పారిపోతున్నప్పుడు ఆమె క్లినిక్ తలుపు ఒక్కరోజు కూడా మూయలేదని మా గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె అత్తమ్మను రెండు చేతులూ చాపమంది, పళ్లు చూపించమంది, తన వేళ్లు గట్టిగా పట్టుకోమంది. పోగులు అతికే చేతి పట్టుకు ఆమే నవ్వుతూ "బస్, బస్" అని వదిలించుకుంది. పక్షవాతం జాడేమీ లేదంది. ఆమె అడిగినవాటన్నిటికీ అలవాటు ప్రకారం నేనో మా ఆయనో ముందుకు పడి జవాబు చెప్పాం. రక్తపరీక్షకు రాసింది. చక్కెర లేదు. కొలెస్ట్రాల్ మాత్రం చాలా ఎక్కువగా ఉంది. ఇలాగే ఉంటే ముందు ముందు గుండెకో మెదడుకో ముప్పు రావచ్చని, మొదట తిండి మార్చి చూద్దామని చెప్పింది.

ఆ మాటతో మామయ్య మంచం మళ్లీ నా కళ్ల ముందుకు వచ్చింది. గల్లీకి మాత్రం నవ్వులాటైంది. మా పక్కింటామె మాదీ వాళ్లదీ పక్కపక్క ఊళ్లే కాబట్టి చనువుగా అనేది.

"కొలెస్ట్రాలంటె శేఠ్ల రోగమాయె. గద్దె మీద కూసొని నెయ్యి తినేటోళ్లకు వస్తది. నీకెట్లొచ్చె అక్కా? కోడలు ఎవలికి తెల్వకుండ వెన్న పూసి పెడుతున్నదా?"

అత్తమ్మ బదులు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చిన మాట మాత్రం పదునుగా ఉంది. "శేఠు కావాల్నంటె ముందుగాల రోగం రావాల్నేమో చెల్లే. అది వచ్చింది. ఇగ పైసలే రావాలె."

ఇంట్లో నూనె దాదాపు మానేశాను. జొన్నరొట్టె, నీళ్ల పప్పు, ఉడికించిన ఆకుకూర పెట్టాను. కోడిగుడ్డు మానిపించాను. ఆమె ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. ఆశ్వయుజ పున్నమి మర్నాడు సూరత్ అంతా ఘారీ తింటుంది. నేతిలో ముంచి తీసిన మిఠాయి అది, ఊరంతా డాబాల మీద, రోడ్ల పక్కన కూర్చుని తింటారు. ఏడాదంతా ఏ తీపీ అడగని మా అత్తమ్మ ఆ ఒక్కరోజు ఒక్క ఘారీ అడుగుతుంది. ఆ ఏడు అడగలేదు. మా ఆయన పిల్లల కోసం తెస్తే తానే ముక్కలు చేసి వాళ్ల నోట్లో పెట్టింది. తర్వాత పంపు దగ్గరికి వెళ్లి, వేళ్లు కడుక్కునే ముందు ఒకసారి వాసన చూసుకుంది. నేను చూశానని ఆమెకు తెలియదు.

దివాలీ సెలవులకు సాంచాలు మూతపడి, మళ్లీ తెరిచాక, రెండోసారి రక్తం ఇచ్చాం. కొలెస్ట్రాల్ దిగలేదనే చెప్పాలి. ఏదో కొంచెం కదిలింది, అంతే. క్లినిక్ బెంచీ మీద మా ఆయన తల్లి చెవిలో అరిచాడు.

"అవ్వా, నిజం చెప్పు. కార్ఖానాల భజియాలు తింటున్నవా?"

బెంచీ మీదున్న వాళ్లంతా మావైపు తిరిగారు. ఆమె కొడుకువైపు చూసి, చూసి, "నీ తోడు కొడుకా. నూనె వాసన సుత చూడలే" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

లోపల డాక్టరమ్మకు కూడా మా ఆయన అదే అనుమానం చెప్పాడు. నేను ఆమె ముఖం చూస్తున్నాను. చదువుకున్నవాళ్లు పనిచేసుకునేవాళ్ల మాటను ఎంత తేలిగ్గా కొట్టిపారేస్తారో దవాఖానల్లో చాలాసార్లు చూశాను. ఆమె కొట్టిపారేయలేదు. "బా తినలేదంటే తినలేదు" అంది హిందీలో. గుజరాతీలు అమ్మను బా అంటారు. "తినకపోయినా దిగలేదంటే నేను ఇంకోచోట వెతకాలి."

అప్పుడు నేను నాకొచ్చిన హిందీలో చాయ్ సంగతి చెప్పాను. చెవుడు కాదని, వింటుందని, జవాబే ఆలస్యంగా వస్తుందని, మొదటిసారి వచ్చినప్పుడు మేమే ముందు మాట్లాడేశామని. ఆమె పెన్ను కింద పెట్టింది. కుర్చీ అత్తమ్మకు ఎదురుగా జరుపుకుంది. మామూలు గొంతుతో, మెల్లగా అడిగింది.

"బా, ఠండీ లాగే ఛే?" చలేస్తోందా అని.

మా ఆయన వెంటనే, "అవ్వా, డాక్టరమ్మ చలి పెడుతున్నదా అని..." అని అరవబోయాడు. డాక్టరమ్మ ఆయన వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. ఆయన నోరు మూశాడు.

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట షేరింగ్ ఆటోవాడు "లింబాయత్, లింబాయత్" అని పిలుస్తున్నాడు. క్యూలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. డాక్టరమ్మ కదల్లేదు. గడియారం చూడలేదు, ప్రశ్న మళ్లీ వేయలేదు, ప్రోత్సాహంగా తల ఊపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయట అంతమంది ఎదురుచూస్తుండగా ఒక మనిషి ఇంకో మనిషికి అంత సమయం ఇవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

"లాగుతది బెన్," అంది చివరికి అత్తమ్మ, గుజరాతీ కలిసిన తన సూరత్ భాషలో. "ఎండలల్ల సుత లాగుతది. దుప్పటి కప్పుకుంటె పిల్లలు నవ్వుతరని చెప్పలే."

డాక్టరమ్మ ఇంకోటి అడిగింది. మళ్లీ ఆగింది. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు ఉంటుందని, కాళ్లు బరువని, దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వస్తుందని, అతికేటప్పుడు వేళ్లు సరిగ్గానే పోతాయి గానీ తర్వాత ఏ పోగు అందుకోవాలో తట్టడానికి ఒక్కోసారి సమయం పడుతుందని అత్తమ్మ చెప్పింది. ఒకే కప్పు కింద ఉంటూ నేను వినని మాటలు అవి. డాక్టరమ్మ ఆమె గొంతు మీద వేళ్లు పెట్టి, ఒక గుక్క నీళ్లు మింగమంది. గడ్డేమీ లేదంది. థైరాయిడ్ పరీక్ష రాసింది. మా బడి సైన్సు పుస్తకంలో థైరాయిడ్ అంటే గొంతు కింద పెద్ద గడ్డతో ఉన్న మనిషి బొమ్మ ఉండేది. గడ్డ లేకుండా కూడా అది మొరాయించవచ్చని నాకు తెలియదు.

రక్తం బొంబాయి వెళ్లి జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను పిల్లలను బడికి పంపి వచ్చి, ఏ పనీ తోచక, ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడికే వెళ్లి కూర్చునేదాన్ని. అనవసరంగా ఆమె ఊపిరి గమనించేదాన్ని. ఒకసారి ఆమె కునుకులోంచి లేచి, "నేను గిప్పుడే పోను తియ్యి, పోయి కూర జూడు, అడుగంటుతున్నది" అంది. నిజంగానే అడుగంటింది.

ఫలితం వచ్చింది. థైరాయిడ్ కొద్దిగా మందగించిందట. కొద్దిగానే. అది ఇవ్వాల్సిన రసం ఇంకా హద్దుల్లోనే ఉంది. కానీ దానికి పని చెప్పే ఇంకో గ్రంథి మెదడు కింద ఉంటుందట, అది మాత్రం మామూలుకన్నా గట్టిగా హుకుం పంపుతోంది. పనివాడు నెమ్మదించాడని పని చేయించే ముకద్దం అరుస్తున్నట్టు అనుకోండి, అంది డాక్టరమ్మ. అరిచి అరిచి ఇప్పటిదాకా పని నెట్టుకొస్తున్నాడు.

"కొలెస్ట్రాల్‌కూ గొంతుకూ ఏం సంబంధం?" అని మా ఆయన అడిగాడు. ఆయనకు అర్థమయ్యే మాటల్లోనే ఆమె చెప్పింది.

"మీ సాంచా బంద్ పడలేదు. వోల్టేజ్ తగ్గింది. రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను ఎత్తి తీసేసే పని కాలేయానిది. ఆ పనికి ఊపు థైరాయిడ్ ఇవ్వాలి. ఊపు తగ్గితే ఎత్తడం నెమ్మదిస్తుంది. మార్కెట్‌లో మీరంటారు కదా, మాల్ వస్తోంది, ఎత్తుకుపోయే ఉఠావ్ లేదు అని. గోడౌన్ నిండిపోతుంది. మీరు వచ్చే మాల్ తగ్గించారు. మంచి పనే. కానీ ఎత్తేవాడు నెమ్మదిగా ఉంటే ఎంత తగ్గించినా గోడౌన్ నిండుగానే కనపడుతుంది."

సూరత్‌లో గోడౌన్ నిండిపోతే ఏమవుతుందో తెలియనివాళ్లెవరు? మా ఆయన తల వంచుకున్నాడు. భజియాల మాట ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలుసు.

డాక్టరమ్మ మీద నా గౌరవం ఇంకా పెరిగింది ఆ తర్వాతి మాటలకు. ఇంత చిన్న మందగింపుకు అందరికీ కొలెస్ట్రాల్ పెరగదంది. పెరిగినా, మందుతో అందరికీ దిగుతుందని చెప్పలేనంది. దీని మీద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయంది. చాలామందికి మందు లేకుండా అప్పుడప్పుడు పరీక్ష చేస్తూ ఉంటే చాలునంది. "కానీ బాకు లక్షణాలున్నాయి, తిండి మార్చినా దిగలేదు. అందుకని చిన్న మోతాదుతో మొదలుపెడదాం. కొలెస్ట్రాల్ గోలీ ఇప్పుడే రాయను. ముందు వోల్టేజ్ సరిచేసి, అప్పుడు చూద్దాం." తెలియనిది తెలియదని చెప్పే డాక్టరు దగ్గర నాలాంటి పిరికిదానికి కూడా ధైర్యం వస్తుంది.

గోలీ చిన్నది, తెల్లది. పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకోవాలి, తర్వాత కొంతసేపు చాయ్ కూడా తాగకూడదు. అసలు కష్టం అక్కడ వచ్చింది. మా అత్తమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచి చాయ్ పడందే నోరు తెరవదు. కార్ఖానా పగటి షిఫ్టుకు ముందు అల్లం చాయ్ తాగి, గ్లాసు బోర్లించి, కొంగు దోపుకుని బయల్దేరుతుంది.

"గీ గోలి పెద్ద దొరవారున్నట్టున్నది," అంది మొదటిరోజు, ఖాళీ గ్లాసు ముందు కూర్చుని. "ఆయిన కడుపుల కూసున్నంక చాయ్ దర్వాజ కాడ నిలవడాల్నట. పిలిస్తెనే లోపలికి రావాల్నట."

మా పాప అప్పుడే బడిలో గడియారం చూడడం నేర్చుకుంటోంది. పెద్ద ముల్లు ఎక్కడికి వస్తే బాపమ్మకు చాయ్ ఇవ్వచ్చో తానే చూసి అరిచేది. మా దగ్గర నాన్న అమ్మను బాపమ్మ అంటారు. ముల్లు అక్కడికి రాకముందే నేను జాలిపడి గ్లాసు అందిస్తే అత్తమ్మే చేత్తో అడ్డం పెట్టేది. పోగు అతికేటప్పుడు ఎంత నియమమో గోలీకీ అంతే. చలికాలం పోయింది. పాండేసరా మిల్లుల పొగ పైన గాలిపటాలు ఎగిరి దిగిపోయాయి. ఒక్క పొద్దున కూడా ఆమె తప్పలేదు. మధ్యలో ఒకసారి పరీక్ష చేసి డాక్టరమ్మ మోతాదు కొద్దిగా పెంచింది.

మార్పు ఏ రోజు మొదలైందో చెప్పలేను. దుప్పటి ఒక రోజు పెట్టెలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కునుకు పోయింది. ఒక కరెంటు సెలవు నాడు నేను గిన్నె కడుగుతూ, కావాలనే గొణిగినట్టు, "అత్తమ్మా, చాయ్ పెట్టనా?" అన్నాను. "ఇంత ఎండల చాయేంది బిడ్డా, మజ్జిగియ్యి" అంది వెంటనే. స్టవ్ వెలిగించడానికి తీసిన అగ్గిపుల్ల నా చేతిలోనే ఉంది.

వానలు మొదలయ్యాక మళ్లీ రక్తం ఇచ్చాం. థైరాయిడ్‌కు వెళ్లే హుకుం మామూలు స్థాయికి వచ్చింది. కొలెస్ట్రాల్ బాగా దిగింది. పూర్తిగా కాదు. ఉండాల్సిన గీతకు ఇంకా కొంచెం పైనే ఉంది. మిగిలింది వయసుదీ వంశానిదీ కావచ్చని, తిండి జాగ్రత్త అలాగే ఉంచి చూస్తూ ఉందామని, అవసరమైతే అప్పుడు ఇంకో గోలీ సంగతి ఆలోచిద్దామని డాక్టరమ్మ అంది. సాంచాల హోరుకు చెవులు కొద్దిగా దెబ్బతిన్న మాట నిజమేనని, అది తిరిగి రాదని కూడా చెప్పింది. "కానీ ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడితే బాకు అన్నీ వినిపిస్తాయి. ఎవరూ అరవక్కర్లేదు." మామయ్య దారిలోనే ఈమె పోతుందేమోనన్న నా భయం గురించి అడిగాను. "ముప్పు తగ్గింది. ముప్పు లేని మనిషి ఎవరూ ఉండరు" అంది. ఆ మాట నాకు చాలింది.

తిరిగి వచ్చేటప్పుడు షేరింగ్ ఆటోలో మా ఆయన డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక నేనూ అత్తమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ. వాన చినుకులు పక్కనుంచి కొడుతున్నాయి. ఎవరూ ఏమీ అడగకుండానే ఆమె మాట్లాడింది.

"బిడ్డా, నీ పిల్లలకు చెప్పు. నాకు చెవుడు లేదని చెప్పు. ఎన్నొద్దుల సందో నా చెవుల పొంటి వచ్చి అరుస్తున్నరు."

"చెప్తా అత్తమ్మా."

"నాకు అన్నీ ఇనవడినయే. చిన్నోడు ఒకపారి అడిగిండు, తాత ఎట్లుండేటోడు బాపమ్మా అని. నేను మాట ఎతుక్కునేసరికి వాడు బాటకు ఉరికిండు. పిల్ల అడిగింది, నువ్వు బడికి ఎందుకు పోలేదని. దానికి సుత జవాబు దొరికింది. దొరికేసరికి అది నిద్రవోయింది." ఆమె కొంగుతో ముఖం మీది చినుకులు తుడుచుకుంది. "అడిగినయన్ని నాతాన్నే ఉన్నయ్. జవాబులు సుత ఉన్నయ్. ఇచ్చేటందుకు మనిషే దొరకకపోయె."

ఇన్నాళ్లూ ఆమె ఎంత ఒంటరిగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. మాట రాని మనిషి వేళ్లు చూసి విద్య నేర్చుకున్న మనిషి, తన మాట నెమ్మదించినప్పుడు తన కోసం ఎవరూ ఆగకపోయినా ఎవరినీ ఒక్క మాట అనలేదు. వచ్చిన ప్రతి ప్రశ్ననూ, తెగిన పోగు కొసను వేళ్ల మధ్య పట్టుకున్నట్టు, రెండో కొస దొరికే దాకా విడవకుండా పట్టుకుని కూర్చుంది. పిల్లలు పడుకున్నాక, రాత్రి షిఫ్టు చప్పుడులో ఇది రాస్తుంటే, గోడ అవతల ఆమె ఊపిరి నాకు వినపడదు. అయినా ఈ మధ్య లేచి వెళ్లి చూడడం మానేశాను.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు పొద్దున గోలీ వేసుకుని, ముల్లు కోసం ఎదురుచూస్తూ ఆమె గడప దగ్గర కూర్చుంది. పిల్లలిద్దరినీ లోపలి గదిలోకి పిలిచాను. సాంచాల హోరు ఉంది కాబట్టి వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను.

"బాపమ్మ దగ్గర ఎవ్వలు అరవద్దు. ఎదురుంగ కూసొని మెల్లగ అడగాలె."

"ఔర్ బాపమ్మ చెప్పకపోతె?" అన్నాడు చిన్నవాడు.

"చెప్తది. నువ్వు తాతెట్లుండేటోడని అడిగి ఉరికినవు చూడు, గా జవాబు బాపమ్మ ఇంక దాచిపెట్టింది. అక్కవి సుత ఉన్నయ్. పోయి ఒక్కొక్కటి మళ్ల అడగండ్రి. అడిగి, ఆమె చెప్పేదాంక అక్కడనే కూసోండ్రి."